గాజుకు గౌరవము తెచ్చిన డేనియల్ స్వరోవ్‌స్కీ

అల్పత్వమునకు ఉపమానము వెదకినపుడెల్ల మన ప్రాచీన కవుల చేతికి గాజుపూస అందుచునే వచ్చినది. మణి ప్రక్కన గాజుపూసను నిలిపి, ఇది యెన్నడును అది కాజాలదని తీర్పు చెప్పుట మనకు బహుకాలముగా అలవాటు. ఆ తీర్పులో తప్పు లేదు. గాజు ఎన్నటికిని మణి కాదు. కాని గాజు గాజుగానే నిలిచి, తనలోని పనితనముచేత గౌరవము పొందగలదా? ఈ ప్రశ్నకు తన 93 ఏండ్ల జీవితముతో సమాధానము చెప్పినవాడు డేనియల్ స్వరోవ్‌స్కీ.

అతని పేరు నేడు అన్ని దేశములందును వినబడుచున్నది. మన పట్టణములలో చీరల అంచులపైన కుట్టు మెరుపురాళ్లను కూడ దుకాణదారులు తరచుగా ఆ పేరుతోనే పిలుచుచుందురు. పేరు తెలిసినంతగా మనిషి తెలియడు. పాత సామానుల అంగడిలోనో, అమ్మమ్మ పెట్టెలోనో ఒక రాళ్ల బ్రోచి దొరికినదనుకొందము. ఇది ఎప్పటిది, ఎట్లు చేసినది, బాగుచేయించవచ్చునా, అమ్మినచో తగిన వెల పలుకునా అని ఆలోచించువారికి ఆ మనిషి కథ తెలియుట అవసరము. ఏలయన పాత గాజురాళ్ల నగలను పరీక్షించు విద్యలో చాల భాగము అతని జీవితచరిత్రతో పెనవేసికొని యున్నది.

కృత్రిమ రత్నములు స్వరోవ్‌స్కీ సృష్టి కావు. 18వ శతాబ్దిలో పారిస్ నగరమున జార్జి ఫ్రెడరిక్ స్ట్రాస్ అను నగల వర్తకుడు సీసము కలిపిన గాజును వజ్రమువలె తీర్చి ప్రఖ్యాతి గాంచినాడు. 1734లో ఫ్రెంచి రాజునకు నగల వర్తకుడుగా నియమితుడైనాడు. అతడు వాటిని వజ్రములని నమ్మించి అమ్మలేదు, అనుకరణములనియే అమ్మినాడు. యూరపులోని పలుభాషలలో అట్టి రాళ్లకు నేటికిని అతని పేరే పేరు. 19వ శతాబ్దిలో ఈ పనికి బొహీమియాలోని గాబ్లొంజ్ పట్టణము గొప్ప కేంద్రమైనది. ఆ కొండప్రాంతమున ఇంటింటను గాజుపని. ఒక యింట గాజును అచ్చుపోయుదురు. మరొక యింట సానపట్టుదురు. వేరొక యింట ఇత్తడిలో పొదుగుదురు.

ఆ గాబ్లొంజ్ సమీపమున, గేయోర్గెన్‌టాల్ అను పల్లెలో 1862 అక్టోబరు 24వ తేదీన డేనియల్ జన్మించినాడు. నాడు ఆ ప్రాంతము ఆస్ట్రియా సామ్రాజ్యములోనిది. నేడు చెక్ దేశములోనిది. తండ్రికి చిన్న గాజు కార్ఖానా ఉండెను. బాలుడు అచ్చటనే పని నేర్చినాడు. రాతిని ఒక పుల్ల కొనకు అంటించి, తిరుగుచున్న సానచక్రమునకు ఆనించి, ఒక్కొక్క పలకను కంటి అంచనాతో తీర్చవలెను. ఒక రాయి ముగియునప్పటికి ఎంతో సేపు పట్టును. ఎంత నేర్పరియైనను రెండు రాళ్లను సరిగా ఒకే రీతిగా తీర్చుట దుర్లభము.

1883లో వియన్నా నగరమున అంతర్జాతీయ విద్యుత్ ప్రదర్శనము జరిగినది. ఎడిసన్, సీమెన్స్ మున్నగువారు కనిపెట్టిన క్రొత్త యంత్రములు అచ్చట కొలువుదీరి యుండెను. ఇరువది యేండ్లు దాటిన డేనియల్ వాటిని చూచినాడు. అతని ఆలోచన తండ్రి సానచక్రమువైపు మరలినది. చేయి చేయు పనిని యంత్రము చేయగలదా? చేసినచో, చేతికి సాధ్యము కాని కచ్చితము యంత్రమునకు అబ్బునా? ఈ ఆలోచన ఫలించుటకు దాదాపు తొమ్మిదేండ్లు పట్టినది. 1892లో గాజురాళ్లను సానపట్టు యంత్రమునకు అతడు పేటెంటు హక్కు పొందినాడు.

పాతనగను పరీక్షించువాడు మొదట గమనింపవలసిన భేదము ఇచ్చటనే పుట్టినది. రాతిని భూతద్దము క్రింద ఉంచి చూడవలెను. చేతితో సానపట్టిన రాతిలో పలకల కొలతలు కొంచెము హెచ్చుతగ్గులుగా ఉండును. పై పలక నట్టనడుమ నిలువక ఒక ప్రక్కకు ఒరిగియుండును. యంత్రము తీర్చిన రాతిలో పలకలన్నియు ఒకే కొలతగా ఉండి, వాటి కొనలు ఒకేచోట కలిసికొనును. అంచులు కత్తివాదరవలె ఉండును. సాన పట్టకుండ కేవలము అచ్చుపోసి విడిచిన రాయి ఈ రెంటికిని వేరు. దాని అంచులు కరిగి గడ్డకట్టిన బెల్లపు ముక్క అంచులవలె మెత్తగా, గుండ్రముగా కానవచ్చును. లోపల చిన్న గాలిబుడగలున్నచో అది గాజేయనుటకు మరొక సాక్ష్యము. గాజును చెక్కిలికి ఆనించినచో చల్లగా తగులును; ప్లాస్టిక్కునకు ఆ చల్లదనము లేదు.

అంచుల అరుగుదలకు కూడ ఒక కారణము కలదు. ఖనిజముల కాఠిన్యమును కొలుచు మానమున గాజు స్థానము సుమారు 5.5, గాలిలోని దుమ్ములో కలిసియుండు ఇసుకరేణువుది 7, వజ్రముది 10. కావున నిత్యము తుడిచి, ధరించిన గాజురాయి కాలక్రమమున దుమ్ముచేతనే గీతలు పడును. వజ్రమునకు ఆ బాధ లేదు. అరుగుదల రాతి వయస్సును లెక్కకట్టి చెప్పదు. రాతి జాతిని మాత్రము చెప్పును.

యంత్రము సిద్ధమైనది గాని దానిని గాబ్లొంజ్‌లో ఉంచుట క్షేమము కాదని స్వరోవ్‌స్కీ తలచినాడు. ఇంటింట పోటీదారులున్న ఊరిలో రహస్యము నిలుచుట కష్టము. యంత్రములను నడుపుటకు చవకయైన శక్తియును కావలెను. 1895లో అతడు బావమరది ఫ్రాంజ్ వైస్‌తోను, ఆర్మాన్ కోస్మాన్ అను మరియొక భాగస్వామితోను కలిసి, ఆల్ప్స్ పర్వతముల నడుమ టిరోల్ సీమలోని వాటెన్స్ గ్రామమునకు తరలిపోయినాడు. అచ్చట మూతబడిన ఒక పాత కార్ఖానా దొరికినది. కొండవాగు నీరు యంత్రములను త్రిప్పినది. పారిస్ నగల విపణికి పోవు దారియును దగ్గరయైనది. పుట్టిన ఊరిని, తరతరముల వృత్తిబంధువులను విడిచి, భార్యాబిడ్డలతో పరాయిసీమలో కాపురము పెట్టిన ఆ నిర్ణయమే అతని జీవితమునకు మలుపు.

అంతవరకు గాజును ఇతరులవద్ద కొనవలసి వచ్చుచుండెను. 1908 మొదలుకొని అతడు తన ముగ్గురు కుమారులు విల్హెల్మ్, ఫ్రీడ్‌రిఖ్, ఆల్ఫ్రెడ్‌లతో గాజును స్వయముగా కరగించు ప్రయోగములకు పూనుకొన్నాడు. కొన్నేండ్ల కృషి తరువాత దోషరహితమైన గాజు చేజిక్కినది. సీసము కలిసిన గాజు వెలుగును హెచ్చుగా వంచును, ఆ వెలుగును రంగులుగా చీల్చును. అందుచేతనే రాతికి ఆ మెరుపు. ఆరోగ్యదృష్టితోను పర్యావరణదృష్టితోను సీసమును విడువవలసిన కాలము తరువాత వచ్చినది. 2012లో ఆ సంస్థ సీసము కలుపని గాజును ప్రవేశపెట్టినది.

పాత రాళ్ల మెరుపునకు మరొక రహస్యము వెనుకవైపున ఉన్నది. మొనగల రాతి అడుగున అద్దమునకువలె లోహపు పూత పూయుదురు. పైనుండి దిగిన వెలుగు ఆ పూతను తాకి తిరిగి పైకే వచ్చును. మన కంసాలులు కుందనపు పనిలో రాతి క్రింద రేకు పరచుటయును ఇట్టిదే. ఈ పూతకు తడి పరమశత్రువు. నీరు లోనికి దిగెనా, పూత నల్లబడును. రాయి పగులకపోయినను చూపు పోయిన కన్నువలె వెలవెలబోవును. కావున పాత రాళ్లనగను సబ్బునీటిలో ముంచుట తగదు. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులుపుటయే క్షేమము.

మొదటి ప్రపంచయుద్ధకాలమున సానపదార్థములు దొరకుట కష్టమైనది. స్వరోవ్‌స్కీ తన సానచక్రములను తానే తయారుచేసికొన్నాడు. ఆ పని 1919లో టైరోలిట్ అను పేరుతో వేరొక పరిశ్రమయైనది. పెద్దకుమారుడు విల్హెల్మ్ దూరదర్శక కటకములపై దృష్టి నిలిపినాడు. 1949లో దానికొక ప్రత్యేక సంస్థ ఏర్పడినది. ఈ వైభవమునకు ఒక నీడయును కలదు. 1938లో ఆస్ట్రియా హిట్లరు జర్మనీలో కలుపబడినది. ఆ కుటుంబములో పలువురు నాజీ పార్టీ సభ్యులుగా ఉండిరి. కార్ఖానా యుద్ధావసరములకు పనిచేసినది. రాతిలోని దోషమును వెదకు చూపుతోనే జీవితములోని దోషమును కూడ చూడవలెను. పనితనమును మెచ్చుకొనుట ఆ భాగమును మరచుటకు కారణము కారాదు.

యుద్ధములు నగల వెనుక భాగమున కూడ తమ గుర్తులు వేసిపోయినవి. చెకొస్లొవేకియా దేశము 1918లో ఏర్పడినది. ఆ పేరు ముద్రితమైన నగ అంతకుముందుది కాజాలదు. 1945 తరువాత గాబ్లొంజ్‌లోని జర్మను భాషీయులు వెళ్లగొట్టబడినారు. వారిలో అనేకులు బవేరియాలోని కౌఫ్‌బోయిరెన్ చెంత న్యూగాబ్లొంజ్ అను క్రొత్త ఊరిని కట్టుకొని, ఆ వృత్తినే సాగించినారు. పశ్చిమ జర్మనీ అను ముద్రగల నగలు 1949కిని 1990కిని నడిమి కాలపువి. అరచేతిలో ఇమిడిన బ్రోచిపై చిన్న అక్షరములలో ఒక జనసమూహము చెల్లాచెదరైన కథ ఉన్నదని చరిత్ర పాఠము చెప్పు ఉపాధ్యాయులు విద్యార్థులకు చూపవచ్చును.

మరి స్వరోవ్‌స్కీ ముద్ర మాట ఏమి? ఇచ్చటనే కొనుగోలుదారులు తరచు పొరపడుదురు. అతడు అమ్మినది రాళ్లను, నగలను కాదు. రాళ్లను కొని పొదిగి, తమ ముద్రలు వేసికొన్నవారు ఇతర నగల పనివారు. ఆ సంస్థ తన పేరుతో పూర్తి నగలను అమ్ముట 1970ల తరువాతి మాట. కావున ఆ పేరు ముద్రించిన నగను 1930ల నాటిదని ఎవరైన చెప్పినచో నమ్మరాదు. అట్లే, ముద్ర లేని పాత నగలో అతని రాళ్లు ఉండవచ్చును. ముద్ర లేదని త్రోసివేయరాదు.

1956 జనవరి 23వ తేదీన వాటెన్స్‌లోనే స్వరోవ్‌స్కీ కన్నుమూసినాడు. ఆ యేడే అతని మనుమడు మాన్‌ఫ్రెడ్, పారిస్ వస్త్రశిల్పి క్రిస్టియన్ డియోర్ సహకారముతో, రాతిపై అతిపలుచని లోహపు పొర నెక్కించి, ఇంద్రధనుస్సు రంగులు తారాడునట్లు చేసినాడు. ఉత్తరధ్రువమున కానవచ్చు వెలుగుల పేరిట దానికి అరోరా బొరియాలిస్ అని పేరు. అట్టి రంగులు తారాడు రాళ్లున్న నగ 1950ల నడిమికి పూర్వపుది కాదు. పాతనగలో ఒకటి రెండు రాళ్లు మాత్రమే అట్లున్నచో, అవి తరువాత మార్చినవని గ్రహింపవలెను.

నగను బాగుచేయువానికి కొన్ని నియమములున్నవి. వెలవెలబోయిన రాతి స్థానమున కొలతలో, లోతులో, రంగులో, సానలో సరిపోలిన రాతినే ఉంచవలెను. పనికిరాకుండ విరిగిన అదేకాలపు నగనుండి తీసినది శ్రేష్ఠము. త్వరగా అతుకు జిగురుల ఆవిరి రాతిపై తెల్లని మసక కమ్మించును. అతుకులవద్ద బూడిదరంగు ముద్దలున్నచో, ఎవరో మోటుగా మాటు వేసినారని తెలియవలెను. రాగి కలిసిన లోహమునకు పట్టు పచ్చని చిలుమును పుల్లతో మెల్లగా తొలగింపవలెను. పైన పోసిన బంగారునీరు పోవునట్లు తోమినచో మెరుపు వచ్చును గాని విలువ పోవును. రాళ్లన్నియు మొదటివేయై, కొక్కెము బిగువుగా పనిచేయుచు, జత చెడని నగకు వెల ఎక్కువ. రాయి మార్చినచో, కొనువానికి ఆ సంగతి ముందుగా చెప్పవలెను.

ఈ చివరి నియమమే అన్నిటికంటె పెద్దది. మచిలీపట్నము చెంత చిలకలపూడి పనివారు తక్కువ లోహముపై బంగారపు పొర నెక్కించి నగలు చేయుదురు. ఆ ఊరిపేరును కృత్రిమమునకు పర్యాయపదముగా వాడి మనము నవ్వుకొందుము. కాని బంగారము కొనలేని ఇంటి ఆడపిల్ల మెడలోనికి ఒక హారమును తెచ్చిన పనివానిని చూచి నవ్వుటకు మనకేమి అర్హత కలదు? మోసము గాజులో లేదు, ఇత్తడిలో లేదు. అమ్మువాని నోటిలో ఉన్నది. గాజును మణియని చెప్పినవాడు రెంటిని అవమానించినాడు. గాజును గాజుగానే చూపి, దానిని పరిపూర్ణముగా తీర్చుటకు స్వరోవ్‌స్కీ ఒక జీవితకాలము వెచ్చించినాడు. పాత బ్రోచిని చేతబట్టి వెల కట్టబోవువాడు మొదట దానిలోని ఆ శ్రమను చూడనేర్వవలెను. వెల తరువాత కట్టవచ్చును.