సొర పేరు నిలిపిన రస్సెల్ దొర

బెంగుళూరులో చేప కొనవలెనంటే మన కుటుంబములలో చాలమందికి మొదట జ్ఞాపకము వచ్చేది శివాజీనగరములోని రస్సెల్ మార్కెట్టు. 1927లో కట్టిన ఆ మార్కెట్టుకు పురపాలక కమిషనరుగా ఉండిన టి. బి. రస్సెల్ పేరు పెట్టినారు. మేమిప్పుడు చెప్పబోయేది ఆయనను గూర్చి కాదు. అంతకు దాదాపు నూటయాభై ఏండ్ల ముందు విశాఖపట్నము రేవులో చేపలను చూచి, వాటి తెలుగు పేర్లు అడిగి వ్రాసికొన్న మరొక రస్సెల్ గారిని గూర్చి. రక్తపింజరకు ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అను పేరు ఈయన వల్లనే వచ్చినది. పాముల రస్సెల్‌ను లోకమంతా ఎరుగును. సొరల రస్సెల్‌ను మాత్రము మనమే మరచిపోయినాము.

పాట్రిక్ రస్సెల్ స్కాట్లండు దేశస్థులు. ఎడింబరోలో పుట్టి, అక్కడనే వైద్యము చదివి 1750లో పట్టము పొందినారు. వారి అన్నగారు అలెగ్జాండర్ సిరియాలోని అలెప్పో నగరములో ఇంగ్లీషు వర్తకులకు వైద్యులుగా ఉండేవారు. 1753లో అన్నగారు స్వదేశము చేరగా ఆ ఉద్యోగము తమ్మునికి వచ్చినది. 1760 మొదలు ఆ నగరములో ప్లేగు చెలరేగినప్పుడు ఆయన ఊరు విడువలేదు. రోగుల సంగతులు దినదినమూ వ్రాసిపెట్టి, తరువాత 1791లో ఆ రోగమును గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించినారు. కంటితో చూచినది చూచినట్లు వ్రాయుట, తెలియనిది తెలిసినవానిని అడుగుట ఆయనకు అలవాటు. ఈ అలవాటే మన తీరమునకు మేలు చేసినది.

1781లో ఆయన సోదరుడు క్లాడ్ విశాఖపట్నములో కంపెనీ వ్యవహారములు చూచుటకు వచ్చినప్పుడు, పాట్రిక్ కూడా వెంట వచ్చినారు. అప్పటికే ఆయనకు ఏబది దాటినవి. 1785లో కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడు కోనిగ్ చనిపోగా ఆ పదవి ఈయనకు ఇచ్చినారు. ఏ పాము విషము గలది, ఏది కాదు అని తేల్చుట ఆయన ముఖ్య కార్యమైనది. పాముల నడుమ తీరిక చేసికొని సముద్రము వైపు కూడా చూచినారు.

తెప్ప మీద పెద్ద సొరను పట్టుట ఎంతటి పనియో తీరమున పెరిగిన మన పెద్దలకు తెలియును. నాలుగు దుంగలు కట్టిన తెప్ప, ఇద్దరు ముగ్గురు మనుషులు, ఎర గుచ్చిన గాలము, ఒక పొడుగాటి తాడు, అంతే సరంజామా. గట్టిగా లాగితే తాడు తెగును. వదలితే చేప పోవును. కనుక సొర అలసిపోయేదాక తాడు ఇచ్చి, లాగి, మరల ఇచ్చి, చివరకు దగ్గరకు తెచ్చి తోకకు ఉచ్చు వేయవలెను. అరచేతులు ఒరుసుకొనిపోవును. తోక దెబ్బ తగిలితే మనిషి నీళ్లలో పడును.

ఇదే పని కొన్ని దేశములలో వినోదము. 1959లో ఆస్ట్రేలియా సముద్రములో ఆల్ఫ్రెడ్ డీన్ అనే ఆయన గాలముతో 2,664 పౌన్ల తెల్ల సొరను పట్టినారు. అది ప్రపంచ రికార్డుగా ఆయన పేర నమోదైనది. విశాఖ తీరమున కూటికోసము సొరలు పట్టిన జాలరుల పేర్లు మాత్రము ఎవరూ వ్రాయలేదు.

రస్సెల్ గారు వారి పేర్లు వ్రాయలేదు గాని, వారి మాట వ్రాసినారు. 1789లో స్వదేశమునకు మరలి, 1796లో పాముల గ్రంథమును, 1803లో విశాఖపట్నపు రెండు వందల చేపల గ్రంథమును రెండు సంపుటములుగా ప్రకటించినారు. అందులో చేపల బొమ్మల క్రింద జాలరుల నోట విన్న పేర్లే ఇంగ్లీషు అక్షరములలో ఉన్నవి. తాకితే చెయ్యి తిమ్మిరెక్కించే చేప అందులో తెమెరీ. సొరలు సొర్రా. పాలసొర అందులో పాల సొర్రా. బాలింతకు ఆ చేప పెడితే పాలు పడునని మనవారి నమ్మకము. ఇప్పుడు ఇంగ్లీషువారు కూడా దానిని మిల్క్ షార్క్ అనే పిలుచుచున్నారు. 1839లో బెర్లిను పండితులు ముల్లర్, హెన్లె ఒక జాతికి సొర్రా అనే పేరిడినారు. నేటికీ దాని శాస్త్రీయ నామము కార్కరైనస్ సొర్రా. తమిళ సోదరులకూ మనకూ పొత్తైన ఆ మాట ఈనాడు లోకమంతటి శాస్త్రజ్ఞుల నోట నున్నది.

1805 జూలై 2న రస్సెల్ గారు లండనులో కన్ను మూసినారు. ఆయన పదవి రాక్స్‌బర్గుకు, తరువాత సామర్లకోట తోటలో పనిచేసిన బెంజమిన్ హైనుకు వచ్చినది. ఆ హైనే 1800లో మన లాల్‌బాగు బాధ్యత వహించినారు. తెలుగు తీరమునకూ ఈ ఊరికీ అంత పాత బంధుత్వము కలదు.

కాలము మారినది. సొరలు తగ్గిపోవుచున్నవి. అన్నిటిలోను పెద్దదైన తిమింగల సొరను పట్టరాదని 2001లో చట్టము వచ్చినది. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి ఒడ్డుకు అటువంటిది కొట్టుకొని రాగా, జాలరులూ అటవీశాఖవారూ కలిసి దానిని మరల లోతు నీటికి పంపినారు. పట్టుట తెలిసిన చేతులకు విడుచుటయూ తెలియును.

మాట సంగతి అట్లు కాదు. ఒకసారి విడిచితే మరల దొరకదు. మన పిల్లలు బొమ్మల పుస్తకములో ఆ చేపను చూచి షార్క్ అనుచున్నారు. తప్పు లేదు. కాని ఎక్కడి స్కాట్లండు వైద్యుడో జాలరి నడిగి నేర్చుకొన్న మాటను మన ఇంటి పిల్లలు మననే అడిగి నేర్చుకొనవలెను. ఈ ఉగాదినాడు పచ్చడి చేతిలో పెట్టుచు, సొర అను ఆ ఒక్క మాటను కూడా వారికి చెప్పుదము.