తిమింగలం ఊపిరిని కోసి చూసిన జాన్ హంటర్

తిమింగలం చేప కాదని, మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుందని జీవశాస్త్రంలో చదివాం. పరీక్షలో రాసి ఒక మార్కు కూడా తెచ్చుకున్నాం. అయితే అంత పెద్ద జంతువు లోపల చెయ్యి పెట్టి ఆ ఊపిరితిత్తులు ఎలా ఉంటాయో చూసిందెవరు? వెతికితే మాకు దొరికిన పేరు జాన్ హంటర్. ఈయనే మొదటివాడు కాదు. డాల్ఫిన్ గాలి పీలుస్తుందని అరిస్టాటిల్ ఏనాడో గ్రహించాడు. 1680లో ఎడ్వర్డ్ టైసన్ ఒక పార్పాయిస్‌ను కోసి పుస్తకం రాశాడు. కానీ పలు రకాల తిమింగలాలను పక్కపక్కన పెట్టి పోల్చి చూసినవాడు హంటర్.

ఆయన 1728లో స్కాట్లాండ్‌లోని లాంగ్ కాల్డర్‌వుడ్ అనే పల్లెలో పుట్టాడు. పదిమంది సంతానంలో చివరివాడు. పదమూడేళ్లకే తండ్రి పోయాడు. బడి అంటే ఇష్టం లేదు. పుస్తకం పక్కన పడేసి పురుగులు, పక్షిగుడ్లు పోగుచేసుకునేవాడు. (మా వార్డెన్ సారు ఈ వాక్యం చూసి ఏమంటారో!) కొన్నాళ్లు చెక్కపని చేశాడు. 1748లో, ఇరవయ్యేళ్ల వయసులో, లండన్‌లో శరీరశాస్త్రం చెప్పే అన్న విలియం దగ్గర సహాయకుడిగా చేరాడు. అక్కడ ఆయన చేతి నైపుణ్యం బయటపడింది. పన్నెండేళ్లకు దగ్గరగా శవాలను కోస్తూ నేర్చుకున్నాడు. తర్వాత సైన్యంలో వైద్యుడయ్యాడు. 1768లో సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడిగా కుదిరాడు. మశూచికి టీకా కనిపెట్టిన ఎడ్వర్డ్ జెన్నర్ ఈయన శిష్యుడే.

సంపాదించినదంతా జంతువుల మీదే ఖర్చుపెట్టేవాడు. తిమింగలం దొరకడం మాత్రం కష్టం. గ్రీన్‌లాండ్ వెళ్లే వేట ఓడలో సొంత ఖర్చుతో ఒక వైద్యుడిని పంపాడు. ఆయన తిరిగొచ్చి చేతిలో పెట్టింది ఒక తోలుముక్క, దానికి అంటుకున్న కొన్ని చిన్న ప్రాణులు. అంతే! ఇక ఒడ్డుకు కొట్టుకొచ్చినవి, 1783లో థేమ్స్ నదిలోకి దారితప్పి వచ్చిన బాటిల్‌నోస్ తిమింగలం వంటివే ఆయనకు దిక్కయ్యాయి. 1787లో రాయల్ సొసైటీ పత్రికలో పెద్ద వ్యాసం అచ్చయింది. అదే ఏడాది కాప్లే పతకం వచ్చింది.

ఆ వ్యాసంలో ఏముందంటే, తిమింగలం ఊపిరితిత్తులు మన వాటిలా తమ్మెలుగా చీలి ఉండవు, పొడవాటి సంచుల్లా ఉంటాయి. గాలి నింపి వదిలితే తమంతట తామే బయటికి నెట్టేసేంత సాగుడు గుణం వాటికుంది. గాలి గొట్టాల చుట్టూ ఉండే మృదులాస్థి సన్న కొమ్మల దాకా సాగుతుంది. రొమ్ము గోడ లోపల సన్నని ధమనులు చుట్టలు చుట్టుకుని పెద్ద మెత్తలా ఉంటాయి. స్పెర్మ్ తిమింగలం గుండె పెద్ద తొట్టెలో కూడా పట్టలేదట. దాని బృహద్ధమని అడుగు వెడల్పు!

ఈ ఏర్పాటు ఎందుకో తెలియడానికి మరో 150 ఏళ్లు పట్టింది. నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 1940లో షోలాండర్ చెప్పిన ప్రకారం, లోతుకు వెళ్లేకొద్దీ తిమింగలం రొమ్ము నలిగి, వాయుగోణులు మూసుకుపోతాయి. మిగిలిన గాలి మృదులాస్థి ఉన్న గట్టి గొట్టాల్లోకి చేరుతుంది. అక్కడి నుంచి నత్రజని రక్తంలోకి పోలేదు. సిలిండరు కట్టుకుని లోతుకు దిగి, గబుక్కున పైకి వచ్చిన మనిషికి నత్రజని బుడగలు కట్టి కీళ్లు పట్టేస్తాయి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. మరి లోపల ప్రాణవాయువు? ఊపిరితిత్తుల్లో కన్నా ఎక్కువ రక్తంలోను, కండరాల్లోని మయోగ్లోబిన్‌లోను దాచుకుంటుంది. క్యూవియర్ ముక్కు తిమింగలం 2,992 మీటర్ల లోతుకు దిగినట్టు 2014లో ప్రకటించారు. ఇక ఆ ధమనుల చుట్టను హంటర్ రక్తం నిల్వ చేసే చోటుగా ఊహించాడు. దాని పని మీద ఇప్పటికీ పరిశోధన సాగుతూనే ఉంది.

ఆయనలో మాకు నచ్చనిదీ ఉంది. చార్లెస్ బైర్న్ అనే చాలా పొడవైన ఐర్లాండ్ యువకుడు తన శవాన్ని వైద్యులకు చిక్కకుండా సముద్రంలో కలపమని కోరాడు. 1783లో అతను చనిపోగానే హంటర్ డబ్బిచ్చి శవాన్ని తెప్పించుకున్నాడు. రెండు వందల ఏళ్లకు పైగా ఆ అస్థిపంజరాన్ని జనానికి చూపించారు. 2023లో మ్యూజియం తిరిగి తెరిచినప్పుడు దాన్ని ప్రదర్శన నుంచి తీసేశారు. పేదవాడి ఆఖరి కోరికను కాదన్న పని ఎంత గొప్ప శాస్త్రం కోసమైనా తప్పేనని మా అభిప్రాయం. ఈ విషయమై మా గదిలో రాత్రి పదకొండు దాకా వాదన జరిగింది.

1793 అక్టోబరు 16న ఆసుపత్రి సమావేశంలో, నిబంధన తెలియక స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఇద్దరు విద్యార్థుల తరఫున మాట్లాడుతూ వాదనకు దిగాడు. అప్పటికే గుండెజబ్బు మనిషి. పక్కగదిలోకి వెళ్లి కుప్పకూలి మరణించాడు. మిగిల్చింది అప్పులు, 14,000కు దగ్గరగా నమూనాలు.

వాటిని కాపాడినవాడు విలియం క్లిఫ్ట్ అనే తల్లిదండ్రులు లేని పేద కుర్రాడు. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు. వారానికి ఏడు షిల్లింగుల జీతంతో, 1799లో ప్రభుత్వం 15,000 పౌండ్లకు కొనేదాకా, ఆరేళ్లు సీసాలు తుడుస్తూ కాపలా కాశాడు. హంటర్ బావమరిది ఎవరార్డ్ హోమ్ ఆయన రాతప్రతులు తీసుకుపోయి, 1823లో తగలబెట్టాడు. క్లిఫ్ట్ అంతకు ముందే వాటిలో చాలా భాగం తన చేత్తో కాపీ రాసి పెట్టుకున్నాడు.