టిన్‌మత్ ప్రభువు: ఒక బిరుదు, ఒక కుటుంబము

బైబిలు సొసైటీ పేరు వినని క్రైస్తవ గృహము మన ప్రాంతమున అరుదు. ఆ సొసైటీకి మొదటి అధ్యక్షుడైన టిన్‌మత్ ప్రభువును ఎరిగినవారు మాత్రము కొద్దిమందే.

ఆయన అసలు పేరు జాన్ షోర్. 1751లో లండనులో జన్మించి, యౌవనారంభముననే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా బెంగాలుకు వచ్చెను. భూమి శిస్తు వ్యవహారములలో గొప్ప నిపుణుడని పేరుపొందెను. కారన్‌వాలిస్ ప్రభువు జమీందార్ల శిస్తును శాశ్వతముగా నిర్ణయింపబూనినప్పుడు, ముందుగా పదేండ్లు పరీక్షించి చూడవలెనని షోర్ వాదించెను. ఆ మాట నెగ్గలేదు. 1793లో బెంగాలున స్థిరపడిన ఆ పద్ధతియే 1802 నుండి ఉత్తర సర్కారులకును వచ్చి, మన రైతుల తలపై తరతరముల భారమై నిలిచెను.

1793లోనే ఆయన గవర్నరు జనరల్ అయ్యెను. 1795లో మరాఠాలు నిజాముపై దండెత్తగా, ఇతరుల యుద్ధములలో తలదూర్చరాదని ఆయన సైన్యమును పంపలేదు. ఖర్డాలో నిజాము ఓడి, భూమిని, ధనమును కోల్పోయెను. షోర్ శాంతిని కోరినవాడని కొందరు, మిత్రుని విడిచినవాడని కొందరు తీర్పు తీర్చిరి. రెండింటను సత్యము కలదు. ఆయన శాంతికి మూల్యము చెల్లించినది హైదరాబాదు.

ఉద్యోగాంతమున ఆయనకు టిన్‌మత్ బారన్ అను బిరుదు లభించెను. స్వదేశమున క్లాపమునందు విల్బర్‌ఫోర్సు మొదలగు భక్తుల సహవాసమున నివసించి, 1804లో స్థాపింపబడిన బైబిలు సొసైటీకి అధ్యక్షుడై, 1834లో మరణించువరకు ముప్పది యేండ్లు ఆ బాధ్యత వహించెను. ఆ కాలముననే, విశాఖపట్టణమున డేగ్రాంజ్ ఆనందరాయర్ సహాయముతో తర్జుమా చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరున తెలుగులో అచ్చుపడెను.

పెద్దకుమారుడు చార్లెస్ బిరుదును పొంది, 1843లో తండ్రి జీవితచరిత్రను ప్రకటించెను. మరియొక కుమారుడు ఫ్రెడరిక్ జాన్ షోర్ ఉత్తర హిందూస్థానమున న్యాయాధికారిగా పనిచేసి, కంపెనీ పాలన ఈ దేశస్థులను అవమానపరచుచున్నదని, న్యాయస్థానములలో ప్రజల భాషయే ఉండవలెనని నిర్భయముగా వ్రాసెను. ఆ గ్రంథము వెలువడిన 1837లోనే ఆయన మరణించెను. తండ్రి సేవించిన ప్రభుత్వము తప్పులను కుమారుడు ఎత్తిచూపుట ఆ కుటుంబమునకు తక్కువ గౌరవము కాదు.

1981లో ఏడవ బారన్ మరణముతో, వారసులు లేక ఆ బిరుదు అంతరించెను. రాజు ఇచ్చిన పేరు ఏడుగురు బారన్లతో ముగిసినది. ఆయన ముప్పది యేండ్లు మోసిన పని మాత్రము నేటికిని మన యిండ్లలో తెరచియున్న గ్రంథమై కొనసాగుచున్నది.