లుడ్విగ్ గుట్‌మన్

లుడ్విగ్ గుట్‌మన్ (జూలై 3, 1899 - మార్చి 18, 1980) జర్మనీలో పుట్టి బ్రిటనులో స్థిరపడిన నాడీవైద్య నిపుణుడు. వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు చచ్చుబడిన వారి చికిత్సలో పెనుమార్పు తెచ్చాడు. పారాలింపిక్ క్రీడలకు ఆద్యుడు. రోగిని ఒకచోటు నుండి మరొకచోటుకు చేర్చే సాధనంగా మాత్రమే భావించిన చక్రాల కుర్చీని స్వయంగా నడపడం సాధన చేసి నేర్వదగిన విద్య అని ఆచరణలో చూపినవారిలో ఇతడు ముఖ్యుడు.

బాల్యము, విద్య

గుట్‌మన్ ఎగువ సైలీషియాలోని టోస్ట్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. ఈ పట్టణం ప్రస్తుతం పోలండులో ఉంది. 1917లో క్యోనిగ్స్‌హ్యుట్టె ఆసుపత్రిలో సహాయకుడిగా పనిచేస్తున్నప్పుడు వెన్నెముక విరిగిన ఒక బొగ్గుగని కార్మికుడిని చూసాడు. దృఢకాయుడైన ఆ యువకుడు కొద్ది వారాలకే ఇన్ఫెక్షనుతో మరణించాడు. ఆ రోజులలో ఇటువంటి రోగులకు బ్రతుకు లేదనే వైద్యులు భావించేవారు. గుట్‌మన్ 1924లో వైద్యపట్టా పొంది, బ్రెస్లావ్ నగరంలో ప్రసిద్ధ నాడీవైద్యుడు ఓట్‌ఫ్రిడ్ ఫోర్‌స్టర్ వద్ద పనిచేసాడు.

జర్మనీ నుండి వలస

1933లో నాజీలు అధికారానికి వచ్చాక యూదు వైద్యులను ప్రభుత్వ ఆసుపత్రులనుండి తొలగించారు. గుట్‌మన్ బ్రెస్లావ్‌లోని యూదుల ఆసుపత్రిలో చేరి, 1937లో దానికి అధిపతి అయ్యాడు. 1938 నవంబరులో యూదులపై దాడులు జరిగిన రాత్రి, వచ్చినవారినందరినీ ప్రశ్నించకుండా చేర్చుకోమని సిబ్బందిని ఆదేశించాడు. మరునాడు గెస్టపో అధికారులకు ఒక్కొక్కరి జబ్బును వివరించి, 64 మందిలో 60 మందిని అరెస్టు కాకుండా కాపాడాడు. 1939లో కుటుంబంతో ఇంగ్లండు చేరి ఆక్స్‌ఫర్డులో పరిశోధన కొనసాగించాడు.

స్టోక్ మాండవిల్

రెండవ ప్రపంచయుద్ధంలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల కొరకు బ్రిటిషు ప్రభుత్వం స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో ఒక ప్రత్యేక కేంద్రాన్ని 1944 ఫిబ్రవరి 1న ప్రారంభించి, గుట్‌మన్‌కు అప్పగించింది. ఈ రోగుల ప్రాణాలు తీసేవి ముఖ్యంగా పడకపుండ్లు, మూత్రకోశ వ్యాధులు. రాత్రింబవళ్ళు రెండు గంటలకొకసారి రోగిని పక్కకు తిప్పే పద్ధతిని ఇతడు కచ్చితంగా అమలుపరచాడు. ప్రాణం నిలిస్తే చాలదని, రోగి తిరిగి సంపాదనపరుడు కావాలని వడ్రంగం, గడియారాల మరమ్మత్తు వంటి పనులు నేర్పించాడు.

రోగులు కుర్చీలలో కూర్చొని చేతికర్రలతో ఆడుకోవడం గమనించి, తానూ చక్రాల కుర్చీ ఎక్కి ఆ ఆట ఆడి చూసాడు. ఆ విధంగా చక్రాల కుర్చీ పోలో మొదలైంది. తరువాత నెట్‌బాల్, బాస్కెట్‌బాల్ వచ్చాయి. విలువిద్య భుజాలకు, నడుముకు బలమిస్తుందని దానికి ప్రాధాన్యమిచ్చాడు.

క్రీడలు

1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజునే, ఆసుపత్రి ఆవరణలో 16 మందితో విలువిద్య పోటీ జరిపాడు. 1952లో నెదర్లాండ్స్ జట్టు రావడంతో ఇవి అంతర్జాతీయ క్రీడలయ్యాయి. 1960లో రోమ్‌లో 23 దేశాలనుండి సుమారు 400 మంది పాల్గొన్న క్రీడలను తొలి పారాలింపిక్స్‌గా పరిగణిస్తారు.

సామర్థ్యాన్ని కొలిచే పద్ధతులు

పోటీ న్యాయంగా ఉండాలంటే సమానులతోనే సమానులు తలపడాలి. అందుకై వెన్నుపాము ఏ స్థాయిలో దెబ్బతిన్నదో వైద్యులు పరీక్షించి క్రీడాకారులను తరగతులుగా విభజించేవారు. అయితే ఈ పద్ధతి కోల్పోయినదానిని కొలిచింది గాని, మిగిలినదానితో మనిషి ఏమి చేయగలడో కొలవలేదు. ఒకే స్థాయిలో దెబ్బతిన్న ఇద్దరు కుర్చీని ఒకే విధంగా నడపలేరు. గుట్‌మన్ మరణానంతరం, 1980లలో, బాస్కెట్‌బాల్‌లో ఆటగాడి కదలికలను మైదానంలోనే చూసి తరగతి నిర్ణయించే పద్ధతి వచ్చింది. ఆసుపత్రులలో కూడా ఇటువంటి మార్పు జరిగింది. కెనడాలోని డల్‌హౌసీ విశ్వవిద్యాలయంలో 1990లలో రూపొందిన పరీక్షలో కుర్చీని ముందుకు నడపడం, మలుపు తిప్పడం, వాలు ఎక్కడం, గట్టు దాటడం వంటి పనులను చేయించి, ఒక్కొక్కదానిని విడిగా అంచనా వేస్తారు. ఏ పని రాలేదో తెలిస్తే దానినే నేర్పవచ్చు. రోగి చేయగల పనిపై దృష్టి నిలిపిన గుట్‌మన్ ఆలోచనకు ఇది దగ్గరగా ఉంటుంది.

గౌరవాలు, మరణం

1966లో ఇతనికి సర్ బిరుదు లభించింది. 1976లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. గుండెపోటుకు గురైన కొన్ని నెలల తరువాత, 1980లో మరణించాడు. 2012లో స్టోక్ మాండవిల్‌లో ఇతని విగ్రహాన్ని ఆవిష్కరించారు.