కారు డిక్కీలో కణితులు

పోయిన సెమిస్టర్‌లో మా మినీ ప్రాజెక్ట్ కడుపులో ఉన్న బిడ్డల స్కాన్ ఫొటోల మీద. ఫొటోలో తల ఎక్కడుందో మోడల్ కనుక్కోవాలి, దాని చుట్టుకొలత చెప్పాలి. అందరికీ ఫ్రీగా దొరికే డేటాసెట్, వెయ్యి దాకా ఫొటోలు. మొదటి రోజు అవి ఓపెన్ చేసి మా టీమ్ నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సిగ్నల్ పోయిన పాత టీవీలో చుక్కలు వస్తాయి చూడండి, అచ్చం అలాగే ఉన్నాయి. మాకే తల కనపడకపోతే మోడల్‌కి ఏం నేర్పిస్తాం?

సరిగ్గా అప్పుడే మా అక్కకి ఐదో నెల. బావ ఊళ్ళో లేకపోవడంతో టిఫా స్కాన్‌కి నేనే తోడు వెళ్ళాను. లోపలికి పిలిచేదాకా గంటన్నర పట్టింది. ఎదురుగా గోడ మీద పెద్ద బోర్డు. పుట్టబోయేది ఆడో మగో ఇక్కడ చెప్పరు, చెప్పడం చట్టప్రకారం నేరం అని. అలాంటి బోర్డు మనందరం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, చూసి వదిలేసేదే. ఆ రోజు వేరే పనేం లేదు కాబట్టి మొత్తం చదివాను. ఈ మెషీన్ కనిపెట్టినవాళ్ళు ఈ బోర్డు చూస్తే ఏమనుకునేవాళ్ళో అనిపించింది. అక్కడే కూర్చుని ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను. అలా దొరికారు ఇయాన్ డొనాల్డ్. డాక్టర్ల లోకంలో చాలా పెద్ద పేరు. మన కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి మాత్రం పెద్దగా తెలీదు.

ఆయన 1910 డిసెంబర్‌లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో పుట్టారు. కుటుంబం స్కాట్లాండ్‌ది. చిన్నప్పుడే అందరూ దక్షిణాఫ్రికా వెళ్ళిపోయారు. అక్కడ 1927లో ఇంట్లో డిఫ్తీరియా వచ్చింది. తల్లి పోయింది, కొన్ని నెలలకే తండ్రీ పోయాడు. అప్పటికి ఈయనకి పదహారేళ్ళు. తర్వాత ఇంగ్లండ్ తిరిగొచ్చి, లండన్ సెయింట్ థామస్ హాస్పిటల్‌లో మెడిసిన్ చదివి 1937లో డాక్టరయ్యారు. యుద్ధం వచ్చింది, 1942లో ఎయిర్ ఫోర్స్‌లో మెడికల్ ఆఫీసర్‌గా చేరారు. బాంబులు ఇంకా లోపలే ఉండగా కాలిపోతున్న విమానంలోంచి మనుషుల్ని బయటికి లాగినందుకు ఎంబీఈ బిరుదు ఇచ్చారు.

నాకు మాత్రం ఆ యుద్ధంలో ఆయన దగ్గర్నుంచి చూసిన రాడార్, సోనార్ ముఖ్యం. శబ్దాన్ని నీళ్ళలోకి పంపు, అది దేనికో తగిలి వెనక్కి వస్తుంది, ఎంతసేపటికి వచ్చిందో లెక్కపెడితే అదెంత దూరంలో ఉందో తెలుస్తుంది. జలాంతర్గాముల్ని అలాగే పట్టుకునేవాళ్ళు. ఈ సంగతి ఆయన బుర్రలో ఉండిపోయింది.

యుద్ధం అయ్యాక కాన్పుల డాక్టర్‌గా లండన్‌లో పనిచేస్తూ, పుట్టగానే ఊపిరి తీసుకోలేని పిల్లల కోసం శ్వాస ఆడించే యంత్రాలు చేశారు. ఎప్పుడూ ఏదో ఒక యంత్రంతో కుస్తీ పడుతుంటారని తోటి డాక్టర్లు పిచ్చి డొనాల్డ్ అని పేరు పెట్టారట. మన హాస్టల్‌లో అలాంటి సీనియర్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు కదా. 1954లో గ్లాస్గో యూనివర్సిటీకి ప్రొఫెసర్‌గా వెళ్ళారు.

గ్లాస్గో అప్పట్లో ఓడలు కట్టే ఊరు, బాయిలర్లు చేసే ఊరు. ఇనుప పలకల్ని వెల్డింగ్ చేశాక లోపల పగుళ్ళున్నాయా లేవా అని చూడటానికి అక్కడి ఫ్యాక్టరీల్లో అల్ట్రాసౌండ్ వాడేవాళ్ళు. కోయకుండా, విరగ్గొట్టకుండా లోపల ఏముందో చూడటం అన్నమాట. బాయిలర్లు చేసే బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ కంపెనీలో ఒక డైరెక్టర్ గారి భార్య డొనాల్డ్ పేషెంట్. ఆ పరిచయంతో ఫ్యాక్టరీ చూడ్డానికి పిలుపొచ్చింది.

1955 జూలై 21న ఆయన వెళ్ళారు, ఖాళీ చేతులతో కాదు. ఆపరేషన్లలో తీసిన కణితులు, అండాశయం తిత్తులు రెండు కార్ల డిక్కీల్లో వేసుకుని వెళ్ళారు. అక్కడివాళ్ళు పోల్చి చూడటానికని ఒక పెద్ద మాంసం ముక్క తెప్పించి పెట్టారు. వెల్డింగ్ పరీక్షించే మెషీన్‌ని వాటి మీద పెట్టారు. తిత్తి అంటే లోపలంతా నీళ్ళలాంటి ద్రవం, కాబట్టి శబ్దం నేరుగా అవతలి గోడ దాకా వెళ్ళి అక్కడ తగిలి వెనక్కొచ్చింది. గట్టి కణితిలో అయితే దారి పొడుగునా చిన్న చిన్న ప్రతిధ్వనులు. రెండిటికీ స్క్రీన్ మీద గీతలు వేరువేరుగా వచ్చాయి. ఈ సీన్ చదివినప్పటి నుంచీ నా మనసులోంచి పోవట్లేదు. మనం అయితే ఇంటర్ డిసిప్లినరీ అని పీపీటీలో ఒక స్లైడ్ పెట్టి ఊరుకుంటాం.

నిజానికి ఈ ఆలోచన మొదట ఆయనదేం కాదు. ఆస్ట్రియాలో కార్ల్ డుసిక్ మెదడు మీద ప్రయత్నించాడు, అమెరికాలో జాన్ వైల్డ్ రొమ్ము గడ్డల మీద పనిచేస్తున్నాడు. డొనాల్డ్ కూడా మొదట్లో లండన్‌లో వేరేవాళ్ళు వాడి పక్కన పెట్టేసిన పాత మెషీన్ తెచ్చుకున్నారు. దాంతో అన్నీ తిప్పలే. చర్మానికి దగ్గరగా ఉన్నదేదీ అందులో కనపడేది కాదు. కాస్త దూరం పెంచడానికి పేషెంట్ పొట్ట మీద నీళ్ళ బకెట్ నిలబెట్టి, దాని మెత్తటి అడుగు లోంచి శబ్దం పంపేవాళ్ళు. నీళ్ళు ఒలికిపోయేవి. పేషెంట్ తడిసేది, మంచం తడిసేది.

ఇక్కడ టామ్ బ్రౌన్ వస్తాడు. కెల్విన్ అండ్ హ్యూస్ అనే కంపెనీలో ఇంజినీర్, ఇరవై మూడేళ్ళు. అంటే మనకంటే నాలుగేళ్ళు పెద్ద. హాస్పిటల్లో ఆపరేషన్ థియేటర్ లైటు బిగించడానికి వెళ్ళిన కొలీగ్ ఒకతను తిరిగొచ్చి, అక్కడ ఒక ప్రొఫెసర్ ఇనుము పరీక్షించే మెషీన్ మనుషుల మీద పెడుతున్నాడని చెప్పాడు. బ్రౌన్ టెలిఫోన్ డైరెక్టరీలో నంబర్ వెతికి నేరుగా డొనాల్డ్‌కి ఫోన్ చేశాడు. ఆ ప్రొఫెసర్ కూడా నువ్వెవరు, నీ డిగ్రీ ఏంటి అని కూర్చోకుండా రమ్మన్నారు. మెషీన్ చూడగానే అది ఈ పనికి పనికిరాదని కుర్రాడికి అర్థమైపోయింది. తన కంపెనీతో మాట్లాడి కొత్తది తెప్పించాడు.

అంతటితో ఆగి ఉంటే గీతల దగ్గరే ఆగిపోయేది. అప్పటిదాకా స్క్రీన్ మీద వచ్చేది ఒక్క లైన్, మధ్యమధ్యలో లేచే శిఖరాలు. మన భాషలో వన్ డైమెన్షనల్ అర్రే. బ్రౌన్ ఏం చేశాడంటే, ప్రోబ్‌ని చర్మానికి ఆనించి పొట్ట మీద కదుపుతూ, అది ఏ క్షణంలో ఎక్కడుంది, ఎటు తిరిగి ఉంది అన్నది కూడా మెషీన్‌కి తెలిసేలా చేశాడు. ఒక్కో లైన్‌ని దాని చోట గీస్తూ పోతే మొత్తం కలిసి బొమ్మ అయింది. హాస్పిటల్ మంచం మీద అన్నం పెట్టుకునే బల్ల ఉంటుంది కదా, అలాంటి పాత బల్ల మీద కట్టారు మొదటి స్కానర్‌ని. నీళ్ళ బకెట్ పోయింది. ఇప్పుడు చల్లటి జెల్ రాస్తున్నారే, దాని బదులు అప్పుడు ఆలివ్ నూనె రాసేవాళ్ళు.

తోటి డాక్టర్లు నవ్వుకుంటున్న రోజుల్లోనే ఒక కేసు వచ్చింది. అరవై దాటిన ఒకావిడ పొట్ట బాగా ఉబ్బిపోయి ఉంది. పొట్టలో కేన్సర్, నీరు చేరింది, ఇంక చేసేదేం లేదని తేల్చేశారు. మెడిసిన్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ వేన్ మీ మెషీన్ ఒకసారి పెట్టి చూడండని డొనాల్డ్‌ని పిలిచారు. చూస్తే పొట్టంతా విడిగా నీరు చేరినట్టు రాలేదు, ఒకటే పెద్ద తిత్తిలా వచ్చింది. ఆపరేషన్ చేశారు, అండాశయం తిత్తే, కేన్సర్ కాదు. తీసేశారు, ఆవిడ బతికింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదని నేననుకుంటున్నాను.

1958 జూన్ 7న లాన్సెట్ పత్రికలో పేపర్ వచ్చింది. డొనాల్డ్, ఆయన దగ్గర పనిచేసే డాక్టర్ జాన్ మెక్‌వికార్, టామ్ బ్రౌన్, ముగ్గురి పేర్లూ ఉన్నాయి. ఇంజినీర్ పేరు పేపర్ మీద ఉండటం నాకు ఎందుకో బాగా నచ్చింది. అందులో కణితులతో పాటు కడుపులో ఉన్న బిడ్డ తల కూడా ఉంది.

ఆ తల ఎందుకంత ముఖ్యమో టైం చూస్తే తెలుస్తుంది. అప్పటిదాకా లోపలి బిడ్డని చూడాలంటే ఎక్స్‌రే ఒక్కటే దారి. కడుపుతో ఉన్నప్పుడు ఎక్స్‌రే తీస్తే పుట్టిన పిల్లల్లో కేన్సర్ ఎక్కువ కనిపిస్తోందని 1956లోనే ఆలిస్ స్టీవార్ట్ అనే డాక్టర్ బయటపెట్టింది. మొదట చాలామంది నమ్మలేదనుకోండి. అల్ట్రాసౌండ్‌లో ఆ రేడియేషన్ లేదు. కాబట్టి ఒక్కసారి చూసి ఊరుకోకుండా మళ్ళీ మళ్ళీ చూడొచ్చు. పుర్రెకి ఈ వైపు ఎముక నుంచి ఒక ప్రతిధ్వని, ఆ వైపు నుంచి ఇంకోటి. రెండిటి మధ్య టైం తెలుసు, ఒంట్లో శబ్దం వేగం సెకనుకి దాదాపు 1540 మీటర్లు, వెళ్ళిరావడం కాబట్టి రెండుతో భాగించు, తల వెడల్పు వచ్చేస్తుంది. డొనాల్డ్ టీమ్‌లో జేమ్స్ విలాక్స్, ఆ తర్వాత స్టువర్ట్ క్యాంప్‌బెల్ దీని మీదే పనిచేశారు. బిడ్డ సరిగ్గా పెరుగుతోందా లేదా అన్నది పుట్టకముందే తెలిసింది. ఎదుగుదల ఆగిపోతున్న బిడ్డని టైంకి గుర్తుపట్టడం వీలైంది.

ఇంకో చిన్న సంగతి. మూడో నెల స్కాన్‌కి అక్కని నీళ్ళు బాగా తాగి, బాత్రూంకి వెళ్ళకుండా రమ్మన్నారు. దారంతా తిట్టుకుంది. 1963లో దాన్ని పట్టుకుంది కూడా డొనాల్డే. నిండిన మూత్రాశయం పేగుల్ని పక్కకి నెట్టి శబ్దానికి కిటికీలా పనిచేస్తుంది, దాంతో మొదటి వారాల గర్భం కూడా కనిపిస్తుంది. అక్కకి చెప్తే, ఆయన మగాడు కాబట్టి సరిపోయింది, ఆయన్ని అలా గంట కూర్చోబెట్టాల్సింది అంది.

ఇదంతా చేస్తున్నప్పుడు ఆయన ఆరోగ్యం బాగాలేదు. గుండె జబ్బు, మూడుసార్లు పెద్ద ఆపరేషన్లు. అయినా 1976లో రిటైరయ్యేదాకా పనిచేస్తూనే ఉన్నారు.

ఇక ఆ బోర్డు సంగతి. డొనాల్డ్‌కి దైవభక్తి గట్టిది. బ్రిటన్‌లో 1967లో వచ్చిన అబార్షన్ చట్టాన్ని బహిరంగంగా వ్యతిరేకించారు, వాదనలో తన స్కాన్‌లనే చూపించేవారు. లోపల ఉన్నది కళ్ళకి కనిపిస్తే ఎవరూ వద్దనుకోరని ఆయన నమ్మకం. ఆ చట్టం విషయంలో నేను ఆయన పక్షం కాదు, నిర్ణయం ఆ అమ్మాయిదే ఉండాలనుకుంటాను. కానీ ఆ నమ్మకం మన దేశంలో ఎలా తలకిందులైందో చూడండి. ఇక్కడ కనిపించడమే కారణం అయింది. ఆరేళ్ళ లోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకి ఆడపిల్లలు 1961లో 976 మంది, 2001కి 927. అదంతా స్కానింగ్ వల్లే అనను, పుట్టాక సరిగ్గా చూడకపోవడం కూడా ఉంది. కానీ 1994లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. 2003లో దాన్ని ఇంకా గట్టిగా మార్చారు. ఆ బోర్డు అక్కడినుంచి వచ్చిందే. మెషీన్‌లో తప్పేం లేదు అని ఈజీగా అనేయొచ్చు. తలని కొలిచే మోడలే చిన్న మార్పుతో ఇంకోటి కూడా కనుక్కోగలదని ప్రాజెక్ట్ చేసిన మాకు తెలుసు. రివ్యూలో మేడం అడిగింది కూడా. మా నలుగురిలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

డొనాల్డ్ 1987 జూన్‌లో ఎసెక్స్‌లో చనిపోయారు. అక్కడే పాగల్‌షమ్ అనే చిన్న ఊరి చర్చి ఆవరణలో సమాధి ఉంది.

అక్క టిఫా రిపోర్ట్‌లో ఒక మూల బీపీడీ అని ఉంది, పక్కన 47 మిల్లీమీటర్లు. అది తల వెడల్పే, గ్లాస్గోలో రెండు ప్రతిధ్వనుల మధ్య కొలిచినదే. మా మోడల్ ఎంత చెప్తుందో చూద్దాం, ఫొటో ఇవ్వవే అని అడిగాను. మీ ప్రాజెక్ట్‌కి నా బిడ్డ తలే దొరికిందా అని రిపోర్ట్ తీసి బీరువాలో పెట్టేసింది.