‘ట్రెడిషనల్’ కాదు, సుద్దాల హనుమంతు

పోయిన సంవత్సరం మా కాలేజీ ఫెస్ట్‌లో మా గ్రూప్ ‘పల్లెటూరి పిల్లగాడా’ పాట పాడింది. గిటార్ మీద కొంచెం బ్లూస్ టచ్ ఇచ్చాం. వెనక స్క్రీన్ మీద వేసే స్లైడ్ తయారు చేసింది నేనే. దాంట్లో పాట పేరు కింద ‘ట్రెడిషనల్’ అని రాశా. అందరూ పాడే పాట కదా, జానపదమే అయ్యుంటుంది అనుకున్నా. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఆ రాత్రి శాలిబండలో మా ఇంట్లో తాతకి వీడియో చూపించా. మా తాతది మోత్కూరు వైపు. చిన్నప్పుడే పాతబస్తీకి వచ్చేశాడు. పాటంతా కళ్ళు మూసుకుని విన్నాడు. చివర్లో స్లైడ్ చూసి, రాసినాయన పేరు ఎందుకు తీసేసినవ్ బిడ్డా అని అడిగాడు. తీసెయ్యలేదు తాతా, నాకు తెలీదు అన్నా. రెండిటికీ పెద్ద తేడా ఏముంది అన్నట్టు చూశాడు. ఆ చూపు వల్లే ఈ వ్యాసం రాస్తున్నా. చిన్నప్పటి నుంచీ ఇంగ్లీష్ మీడియం కాబట్టి నా తెలుగులో తప్పులుంటే క్షమించండి.

ఆ పాట రాసినాయన సుద్దాల హనుమంతు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని పాలడుగులో, ఒక పద్మశాలి కుటుంబంలో పుట్టారు. ఇంటిపేరు గుర్రం. తర్వాత సుద్దాల అనే ఊళ్ళో స్థిరపడ్డారు. జనం ఆ ఊరి పేరునే ఆయన ఇంటిపేరు చేసేశారు. ఊరి పేరు మనిషికి అతుక్కోవడం మామూలే. కానీ ఈయన వల్ల ఆ చిన్న ఊరి పేరు రాష్ట్రమంతా తెలిసింది.

ఆ రోజుల్లో తెలంగాణ నిజాం రాజ్యంలో ఉండేది. సర్కారు భాష ఉర్దూ. మా తరానికి ఇంగ్లీష్ ఎలాగో అప్పటివాళ్ళకి ఉర్దూ అలాగ, ఉద్యోగం కావాలంటే అది రావాల్సిందే. హనుమంతు కూడా హైదరాబాద్ వచ్చి సర్కారులో చిన్న ఉద్యోగం చేశారు. ఇక్కడే ఆర్యసమాజం ప్రభావం ఆయన మీద పడింది. ఊళ్ళో తప్పు అనిపించినా నోరు విప్పలేని విషయాల గురించి సిటీలో మనుషులు గట్టిగా మాట్లాడుకోవడం చూశారు. నెల జీతం వచ్చే ఉద్యోగం వదిలేసి ఊరికి తిరిగి వెళ్ళిపోయారు. ప్లేస్‌మెంట్ గురించి తప్ప ఇంకేదీ మాట్లాడుకోని మా క్లాసులో ఈ విషయం చెప్తే ఎవరూ వెంటనే నమ్మలేదు.

ఆయన తిరిగి వెళ్ళిన ఊళ్ళ పరిస్థితి ఏంటంటే, దొర గడీలో వెట్టి చెయ్యాలి. వెట్టి అంటే కూలి లేని పని. కులానికో పని చొప్పున ఊరంతా దొరకి ఊరికే చేసిపెట్టాలి. ఇంకొకటి జీతం. మనం ఇప్పుడు శాలరీ అనే అర్థంలో వాడే మాట కాదు ఇది. తల్లిదండ్రులు అప్పు తీసుకుంటే, దానికి బదులు కొడుకు దొర పశువులు కాయాలి. అప్పు తీరదు, పిల్లాడు పెద్దవాడైపోతాడు. ‘జీతగాడు’ అంటే వాడే. ‘పల్లెటూరి పిల్లగాడా’లో ఉన్న పిల్లాడు కూడా వాడే.

హనుమంతు ఆంధ్ర మహాసభలో చేరారు. తర్వాత కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేశారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ కాల్పుల్లో చనిపోయాక, తెలంగాణ సాయుధ పోరాటం ఊరూరికీ పాకింది. ఆ పోరాటంలో హనుమంతు ప్రధానంగా ఎంచుకున్న పని పాట కట్టడం.

కట్టడం అన్నమాట ఊరికే వాడలేదు. ఊళ్ళో చదువు రానివాళ్ళే ఎక్కువ. కరపత్రం ఇస్తే ఎవరు చదువుతారు? అందుకని ఆయన కొత్త రూపం ఏదీ కనిపెట్టలేదు. జనానికి అప్పటికే అలవాటైన గొల్లసుద్దులు, బుర్రకథ, పిట్టలదొర, ఫకీరు వేషం లాంటివే తీసుకున్నారు. భుజాన గొంగడి, చేతిలో కర్రతో సుద్దులు చెప్పే గొల్లాయన వచ్చాడంటే ఊరంతా చుట్టూ చేరుతుంది. వేషం పాతదే, చెప్పే విషయం మాత్రం వెట్టి గురించి, గడీ గురించి. మా భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ మార్చకుండా లోపలి కోడ్ మొత్తం మార్చేశారు. పైగా పాటని జప్తు చెయ్యలేరు. కాగితం దొరికితే చించెయ్యొచ్చు, పదిమంది నోటికి వచ్చేసిన పాటని ఏం చేస్తారు?

ఫకీరు వేషం గురించి చదివినప్పుడు నాకు మా గల్లీ గుర్తొచ్చింది. రంజాన్ నెలలో సహరీకి లేపడానికి తెల్లవారుజామున పాడుకుంటూ వెళ్ళేవాళ్ళు మా పాతబస్తీలో ఇప్పటికీ ఉన్నారు. నిద్రపోయేవాళ్ళని లేపడానికే వాళ్ళ పాట. హనుమంతు ఆ వేషాన్ని ఎందుకు ఎంచుకున్నారో నాకు అప్పుడు అర్థమైందనిపించింది.

ఈ పనిలో ఆయన ఒక్కరే లేరు. భార్య జానకమ్మ కూడా పాటలు పాడారు, ఉద్యమంలో ఆయనతో పాటు నిలబడ్డారు. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగి నిజాం పాలన పోయింది. పోరాటం మాత్రం 1951 దాకా నడిచింది. ఆ తర్వాత హనుమంతు పేరు పేపర్లలో పెద్దగా కనపడలేదు. పాటలు మాత్రం మీటింగుల్లో, పొలాల్లో బతికే ఉన్నాయి.

ఇంక సినిమా సంగతికి వస్తా. 1980లో ‘మాభూమి’ విడుదలైంది. కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ దీనికి ఆధారం. నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. డైరెక్టర్ గౌతమ్ ఘోష్ బెంగాలీ, ఆయనకి ఇదే మొదటి ఫీచర్ ఫిల్మ్. సంగీతంలో జానపద గాయని వింజమూరి సీత పనిచేశారు. ఈ సినిమాలో పాటలు స్టూడియోలో పుట్టినవి కావు, పోరాటం రోజుల నుంచి వచ్చినవి. బండి యాదగిరి కట్టిన ‘బండెనక బండి కట్టి’ని గద్దర్ తెరమీదే పాడాడు. అది గద్దర్ రాసిందే అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఎంతమందో. హనుమంతు పాటని సంధ్య పాడారు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి శ్రద్ధగా వినండి. పాటలో ఎక్కడా నినాదం ఉండదు. పశువులు కాసే పిల్లాణ్ణి ఎవరో పెద్దాయన పలకరిస్తున్నట్టు ఉంటుంది. పాలు మరిచి ఎన్నాళ్ళైంది, పనికి కుదిరి ఎన్నాళ్ళైంది అని అడుగుతాడు. వాడి చాలీచాలని అంగీ చూస్తాడు, కాళ్ళకున్న తాటిజగ్గల జోడు చూస్తాడు. పిల్లాడు ఒక్కదానికీ జవాబు చెప్పడు. జవాబు మనమే చెప్పుకోవాలి. కోపం తెప్పించడానికి ఇంతకంటే మెత్తని దారి నేను ఇంకెక్కడా వినలేదు.

బ్లూస్ టచ్ ఇచ్చాం అని మొదట్లో చెప్పా కదా. అప్పుడు అది సౌండ్ బాగుంటుందని మాత్రమే చేశాం. తర్వాత చదివితే తెలిసింది, అమెరికా దక్షిణాదిలో మిసిసిపీ పత్తి చేలల్లో బ్లూస్ పుట్టిన కథ మన జీతగాడి కథకి దూరం కాదని. బానిసత్వం చట్టంలో పోయినా అప్పు లెక్కల్లో ఇరుక్కుపోయిన నల్లజాతి కౌలు రైతుల పాట అది. అక్కడా ఒకరు పాడితే మిగతావాళ్ళు అందుకుంటారు, మన దగ్గర వంత పాడినట్టు.

2000లో వచ్చిన ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ’ అనే సినిమా సౌండ్‌ట్రాక్ ఇలాంటి పాత పాటలతోనే నిండి ఉంటుంది. దాంట్లో మొదటి పాట 1959లో మిసిసిపీలోని పార్చ్‌మన్ జైల్లో ఆలన్ లొమాక్స్ రికార్డ్ చేసింది. కట్టెలు కొడుతూ ఖైదీలు పాడుతుంటారు. ముందుండి పాడిన జేమ్స్ కార్టర్‌ని నలభై ఏళ్ళ తర్వాత వెతికి పట్టుకుని రాయల్టీ చెక్కు చేతిలో పెట్టారు. లొమాక్స్ పాటతో పాటు పేరు కూడా రాసి పెట్టుకున్నాడు కాబట్టే అది కుదిరింది. నేను ‘ట్రెడిషనల్’ అని రాసి చేసింది సరిగ్గా దీనికి ఉల్టా.

సినిమా వచ్చిన రెండేళ్ళకి, 1982లో హనుమంతు చనిపోయారు. కొడుకు సుద్దాల అశోక్ తేజ సినిమా కవి అయ్యారు. 2003లో వచ్చిన ‘ఠాగూర్’లో పాటకి జాతీయ అవార్డు అందుకున్నారు. తండ్రికి ఇంటిపేరైన ఆ ఊరి పేరు కొడుకుతో పాటు మళ్ళీ తెరమీదకి వచ్చింది.

పాట అందరిదీ అయిపోవడమే కవికి గొప్ప గౌరవం అని కొందరంటారు. కొంతవరకు నిజమే. కానీ అందరిదీ అయిన పాటలో, ఉద్యోగం వదిలేసి ఊరికి పోయిన ఆ ఒక్క మనిషి మాయమైపోతే నష్టం మనకే. ఇలాంటి పాట కట్టడానికి మనలాంటి మామూలు మనిషే సరిపోతాడన్న సంగతి కూడా ఆయనతో పాటే మాయమవుతుంది.

ఈ సంవత్సరం ఫెస్ట్‌లో మళ్ళీ అదే పాట పాడాం. స్లైడ్ మార్చా. రచన: సుద్దాల హనుమంతు, సినిమా: మాభూమి. ఇంటికొచ్చి తాతకి వీడియో పెట్టా. ఈసారి ముందు స్లైడ్ దగ్గర ఆపమన్నాడు. అద్దాలు పెట్టుకుని పేరు నెమ్మదిగా చదివాడు. తర్వాత పాట మొదటి నుంచి పెట్టమన్నాడు.