గోడ కట్టించిన ఫోటోగ్రాఫరు

మన చాటికోన బుధవారం సంతలో డొంగ్రియా ఆడవాళ్ళ మొహం మీద అడక్కుండా కెమెరా పెట్టేవాళ్ళని చూసినప్పుడల్లా నాకు లాలా దీన్ దయాళ్ గారు గుర్తొస్తారు.

ఆయన 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలో ఇంజినీరింగు చదివి, ఇందోరులో ప్లాన్లు గీసే సర్కారు ఉద్యోగంలో చేరారు. 1874 ప్రాంతంలో సరదాగా కెమెరా పట్టుకున్నారు. అప్పట్లో కెమెరా అంటే ఎక్కువగా దొరల చేతి వస్తువే. వాళ్ళు తీస్తారు, మనవాళ్ళు కదలకుండా నిలబడతారు, అంతే! లెపెల్ గ్రిఫిన్ దొరతో తిరిగి మధ్య భారతంలోని కట్టడాలన్నీ ఈయన ఫోటోలు తీశారు. 1886లో వాటితో పుస్తకం వచ్చింది. రచయితగా పేరు మాత్రం దొరది.

తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో చేరారు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. నిజాం ఆయనకి రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. దర్బార్లు, పులివేటలు, విందులు, ఇలా ఆయన తీయనిది లేదు. వాటితోపాటు కరువు పనుల దగ్గర చేరిన బీదజనాన్ని కూడా తీశారు. నాకైతే దర్బారు ఫోటోలకన్నా అవే గొప్పవి అనిపిస్తాయి.

అసలు చెప్పాల్సింది 1892 సంగతి. పరదాలో ఉండే ఆడవాళ్ళు పరాయి మగవాడి ఎదుట ఎలా కూర్చుంటారు? అందుకని దీన్ దయాళ్ హైదరాబాదులో జనానా స్టూడియో అని వేరే పెట్టారు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల అందరూ ఆడవాళ్ళే. కెన్నీ-లెవిక్ అనే ఆంగ్లేయ మహిళ దాన్ని నడిపేది. కూర్చునేవాళ్ళ ఇష్టం ముందు, ఫోటో తర్వాత అన్నమాట. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ గోడ గొప్పింటి బేగములకే. బజార్లో కూరలమ్మే ఆమెకి ఎవరు కడతారు గోడ? పైగా ఆ పెత్తనం కూడా ఒక దొరసానిదే. 

1896లో బొంబాయిలోనూ స్టూడియో తెరిచారు. మరుసటేడు విక్టోరియా రాణి ఫోటోగ్రాఫరుగా గుర్తింపు వచ్చింది. 1905లో కన్నుమూశారు. ఆయన గాజు పలకలు వేలకొద్దీ ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి.